చిక్కడపల్లి అయ్యగారింట్లో ఆరు రోజులు

హైదరాబాద్ వెళ్లొచ్చామంటే మా ఒంగోల్లో ఎవరైనా అడిగేది చార్మినార్ చూశారా, బిర్యానీ తిన్నారా అనే. నేను రెండూ చేయలేదు. ఆరు రోజుల్లో నేను చూసింది చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ, చివరికో ఆసుపత్రి. మొదటి మూడూ ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచిపోయేంత దూరమే.

మా పాప హన్నాకి పది నెలలు. ఐదో నెలలో దాని గుండెలో రంధ్రం ఉందని తెలిసింది. మంగళవారం ఆపరేషన్ అన్నారు, పరీక్షలకి గురువారమే రమ్మన్నారు. మావారు విజయ్ స్కూలు టీచరు. పరీక్షల డ్యూటీ వల్ల ఆదివారం వస్తానన్నారు. నేనూ మా అమ్మా పాపని ఎత్తుకుని బుధవారం రాత్రి రైలెక్కాం. అందరికీ చెప్పిన కారణం ఇదే. చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆపరేషన్‌కి ముందే పాపకి బాప్తిస్మం ఇప్పించాలని నా మనసులో గట్టిగా ఉంది.

తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. మా పుట్టింటివాళ్లు గుంటూరు వైపు లూథరన్లు. అక్కడ చంటిపిల్ల తల మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తారు. అత్తగారివాళ్లు బాప్టిస్టులు. మనిషి ఎదిగి, తానే నమ్మి, తానే అడిగి నీళ్లలో మునగాలంటారు. పెళ్లికి ముందు నాకూ మళ్లీ ముంచి బాప్తిస్మం ఇచ్చారు. చంటిపిల్లలకైతే పాస్టరు ఎత్తుకుని ప్రార్థన చేస్తారంతే, దాన్ని ప్రతిష్ఠ అంటారు. హన్నాకి అది కూడా కాలేదు. రెండుసార్లు రోజు అనుకుంటే రెండుసార్లూ ఆయాసంతో ఆసుపత్రిలో ఉంది.

బాప్తిస్మం లేకుండా పోయిన పిల్లల్ని వాళ్ల ఊళ్లో సమాధుల తోట గోడవారగా, పేరైనా పిలవకుండా పూడ్చేవాళ్లని మా అమ్మమ్మ చెప్పేది. ఎప్పుడో విన్న మాట. పాపకి ఒంట్లో బాగోలేదని తెలిసిన రోజు నుంచి అది నన్ను నిద్రపోనివ్వలేదు.

చిక్కడపల్లి, గురువారం

సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో అతను చిక్కడపల్లికి రెండు వందలన్నాడు.

"రెండు వందలా? నాలుగేళ్ల కింద ఎనభై ఇచ్చేదాన్ని."

"నాలుగేండ్ల కింద నాకు పెండ్లి గూడ కాలే అక్కా. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. కూసో, నూట యాభై ఇయ్యి."

నాలుగేళ్ల కింద నేను గ్రూప్స్ పరీక్షలకి చదువుకుంటూ అశోక్‌నగర్ హాస్టల్లో ఉండేదాన్ని. దగ్గర్లో తెలుగు ఆరాధన ఉన్న చర్చి చిక్కడపల్లి మెథడిస్టు చర్చి. అక్కడి పాస్టరు దేవదానం గారు. అందరూ అయ్యగారు అంటారు, ఆయన భార్య సుగుణమ్మ గారిని అమ్మగారు అంటారు. నాకు డెంగీ వస్తే తొమ్మిది రోజులు క్యారేజీ పంపిన మనిషి ఆవిడ. మెథడిస్టులు చంటిపిల్లలకి బాప్తిస్మం ఇస్తారు. నేను వాళ్లింట్లో దిగడానికి అది ముఖ్య కారణం.

గుమ్మంలోనే సామాను దించి, ఆసుపత్రికెళ్లి పాప పరీక్షలు ముగించుకుని తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. చర్చి వెనక రెండు గదుల ఇల్లు. ముందుగదిలో గోడవారగా రేకు పెట్టెలు, వాటి మీద దుప్పటి పరిచి కూర్చోడానికి వాడుతున్నారు. ఊరెళ్తున్నారా అని మా అమ్మ అడిగింది.

"ముప్పై ఒక్క ఏండ్లల్ల పదకొండు ఇండ్లు వదినా," అన్నారు అమ్మగారు. "ఏడాదికోసారి కాన్ఫరెన్సుల బిషప్ గారు పేర్లు చదువుతరు. ఎటు చదివితే అటు పోవాలె. మళ్ల కట్టేటియి విప్పుడెందుకని ఇడిసిపెట్టిన."

మా అత్తగారి చర్చిలో మా మామగారి పెళ్లి చేసిన పాస్టరు గారే ఇప్పటికీ ఉన్నారు. ఆయన నాటిన కొబ్బరిచెట్లు కాపుకొచ్చి ఏళ్లయింది. ఈ ఇంటి ముందు ఉన్నవన్నీ కుండీలే.

భోజనం జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా అమ్మ గిన్నె తాకి, "పులుసు కాగబెట్టలేదేంటమ్మా?" అంది. అమ్మగారు పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "కాగబెడితే పచ్చిపులుసు ఎట్లయితది వదినా?"

అయ్యగారు నాలుగింటికి వచ్చారు. పొద్దుటి నుంచి రెండు ఆసుపత్రులు, ఒక పెళ్లిమాటలు, ఒక పోలీస్ స్టేషన్ తిరిగారట. మోకాళ్లు పట్టుకుని కూర్చుని పాపని ఒళ్లోకి తీసుకున్నారు. ఏడుస్తున్నప్పుడు దాని పెదాలు నీలంగా మారడం చూశారు.

నేను బాప్తిస్మం సంగతి అడిగాను.

"ఆదివారం ఇంకో బిడ్డకు గూడ ఉన్నది. మంచిదే," అన్నారు. "మీ ఆయన ఏమన్నడు?"

"ఒప్పుకున్నారండీ."

"వాళ్లు బాప్టిస్టులు గద బిడ్డా. ఒప్పుకున్నడా?"

"ఒప్పుకున్నారండీ." రెండోసారి అబద్ధం సులువుగా వచ్చింది. వంటింట్లో మా అమ్మ గిన్నెల చప్పుడు ఆగింది.

"భయంతోటి అడుగుతున్నవా?"

"లేదండీ."

ఆయన కాసేపు నా వంకే చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి పాప పేరు రాసుకున్నారు. "రేపు ఆరాధన పత్రం ప్రింటుకు పోతది. తల్లిదండ్రులు ఇద్దరు నిలబడాలె. ప్రశ్నలు ఇద్దరికుంటయి."

"రైలు లేటయితే నేనొక్కదాన్నే నిలబడొచ్చా అండీ?"

"గప్పుడు చూద్దాం తియ్."

ఆరాధన ఎనిమిదిన్నరకి. విజయ్ రైలు పదింటికి. ఆయన వచ్చేసరికి అయిపోతుంది. రెండు రోజుల్లో ఆపరేషన్‌కి వెళ్లే పిల్ల ముందు ఎంత కోపమొచ్చినా ఏమంటారు? నా లెక్క అది.

అశోక్‌నగర్, శుక్రవారం సాయంత్రం

శుక్రవారాలు అయ్యగారు హాస్టళ్లకి వెళ్తారు. నా పాత హాస్టలే అంటే నేనూ వెంట నడిచాను. అశోక్‌నగర్ మారలేదు. అవే జిరాక్సు షాపులు, ఫుట్‌పాత్ మీద అవే కరెంట్ అఫైర్స్ పుస్తకాలు, బండి మీద ఇడ్లీ తింటూ ఒక చేత్తో పేజీ తిప్పే అవే ముఖాలు. ప్లేటు ఇడ్లీ నలభై అయింది. మా దగ్గర ఇరవై ఐదుకి రెండు చట్నీలు వేస్తారు.

ఆయన ప్రసంగం చేస్తారనుకున్నాను. చేయలేదు. మూడో అంతస్తు ఎక్కి, ఇనుప కుర్చీలో కూర్చుని, ఆయాసం తీర్చుకుని, వచ్చిన ఒక్కో అమ్మాయినీ అడిగింది ఒక్కటే, "ఇంటికి ఫోన్ చేసినవా?"

నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన స్వప్న తల వంచుకుంది. మెయిన్స్ పోయి రెండు నెలలైంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

"చెప్త సార్. జర టైం చూసి."

"రెండు నెలల సంది టైం దొరకలేదా? ఫోన్ తియ్."

"ఇప్పుడా సార్?"

"ఇప్పుడే. నేన్ మాట్లాడ. నువ్వే మాట్లాడు. నేనిక్కడ్నే కూసుంట."

స్వప్న నంబరు నొక్కింది. "నాయినా" అని ఆగింది. తర్వాత మాట మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అవతలి నుంచి ఒక గొంతు, "తిన్నవా?" అంది.

"తిన్న."

"ఈడ వాన పడ్డది. పత్తి పెట్టినం."

స్వప్న ఏడుస్తూ వాన ఎంత పడిందని అడిగింది. అయ్యగారు అంతసేపూ గోడ మీది టైంటేబులు చదువుతున్నట్టు కూర్చున్నారు. ఫోన్ పెట్టేశాక లేచి, "ప్రార్థన చేసుకుందామా?" అన్నారు. చిన్న ప్రార్థన. వాన గురించి కూడా అందులో చెప్పారు.

తిరిగి వస్తూ ఇరానీ టీ ఇప్పించారు. కప్పు ఇరవై, ఉస్మానియా బిస్కెట్టు వేరే. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదని నాకు తెలుసు. బిస్కెట్టు బాగుందండీ అన్నాను.

నారాయణగూడ, శనివారం

పొద్దున్నే ఫోనొచ్చింది. దగ్గర్లోని బస్తీలో ఉండే బాలరాజు అనే తాపీమేస్త్రీ బిడ్డ పోయింది. తొమ్మిది రోజుల పసిగుడ్డు. వాళ్లది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె, పని కోసం వచ్చినవాళ్లు. ఇక్కడ అయినవాళ్లు ఎవరూ లేరు.

అమ్మగారికి జ్వరం. "బాలింత పక్కకు ఒక ఆడమనిషి ఉండాలె," అని నా వైపు చూసి, నా ఒళ్లో పాపని చూసి, "వద్దు తియ్, నేనే పోత," అని లేవబోయారు. నేను హన్నాని మా అమ్మకిచ్చి చెప్పులేసుకున్నాను. ధైర్యంతో కాదు. ఆవిడ తూలడం చూసి.

నారాయణగూడ సమాధుల తోట గోడకి అవతల బస్సుల హారన్లు, ఇవతల పాచిపట్టిన రాళ్లు. వంద వానలు తిన్న ఇంగ్లీషు పేర్లు. మా ఊళ్లో సమాధులకి ఏటా సున్నం కొడతారు, ఇక్కడ చాలావాటికి కొట్టేవాళ్లే లేరు. నా చూపు ముందు గోడవారకే పోయింది. గుంట అక్కడ తవ్వలేదు. రెండు పెద్ద సమాధుల మధ్య ఉంది.

అయ్యగారు తెల్ల అంగీ వేసుకున్నారు. ఆదివారం వేసుకునేదే. చెక్కపెట్టెని ఎవరికీ ఇవ్వకుండా గేటు దగ్గర నుంచి తనే రెండు చేతుల మీద మోసుకొచ్చారు. మోకాళ్ల వల్ల మెల్లగా నడిచారు. ఆ తల్లి పేరు లక్ష్మి. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. నా భుజం పట్టుకుని నిలబడింది. ఒంట్లో ఇంకా పురిటి వేడి ఉంది.

"బిడ్డ పేరేంది?" అని అడిగారు అయ్యగారు.

బాలరాజు, "పేరు పెట్టలే సార్. ఇరవై ఒకటో దినం పెడుదమనుకున్నం," అన్నాడు.

"ఇప్పుడు పెట్టుండ్రి. నేను పేరుతోటి పిలవాలె."

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. లక్ష్మి నా భుజం వదలకుండానే, "శాంతి," అంది.

ఆయన ఒక్క మాట తగ్గించలేదు. పెద్దవాళ్లకి చదివేదంతా చదివారు. ప్రతిసారీ శాంతి అని పిలిచారు. మన్ను పోయడం అయ్యాక బాలరాజు వంగి, అరచేత్తో పై మట్టిని సమం చేశాడు. గోడకి పూత పెట్టినప్పుడు చేసే అలవాటు కాబోలు, అంచులు కూడా నున్నగా తీశాడు. మేమంతా ఆగాం. అయ్యగారు తొందరపెట్టలేదు.

వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "ఆ పాపకి బాప్తిస్మం అయిందా అండీ?"

"లేదు. తొమ్మిది దినాలె గద."

"మరి..."

"మరి ఏంది? దేవుడు రిజిస్టరు తెరిచి చూసి పిల్లల్ని తీసుకుంటడా బిడ్డా?"

"అయితే బాప్తిస్మం ఎందుకండీ?"

"బతికెటోళ్ల కోసం. పెంచేటోళ్లు పదిమంది ముంగట మాటిచ్చుడు, ఆ పదిమంది తిరిగి మాటిచ్చుడు. భయానికి ఇచ్చే మందు కాదది." కిటికీలేని ఆటోలోంచి బయటికి చూస్తూ అన్నారు. నా సంగతి ఆయనకి తెలిసిపోయిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ సాయంత్రం విజయ్‌కి ఫోన్ చేశాను. మాట విరిగిపోతోంది. "స్టేషన్లో ఉన్నా. పొద్దున మాట్లాడుకుందాం. పాప పాలు తాగిందా?" అన్నారు. పదింటికి స్టేషన్‌కి వెళ్లి అంతా చెప్పేద్దామనుకున్నాను. అయ్యగారితో మాత్రం ఆదివారం పొద్దున్నే ఒక్క మాట, ఇంకో వారానికి వాయిదా వేయండని. అబద్ధం ఆయన దగ్గర బయటపడకుండా ఆగిపోయే దారి కోసం అప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

చిక్కడపల్లి, ఆదివారం

విజయ్ ముందు రైలుకే వచ్చేశారు. డ్యూటీ తొందరగా అయిందట, నన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నారట. ఎనిమిదింటికి చర్చి గేటు దగ్గర ఆటో దిగారు. నేను వెనక గదిలో పాపకి పాలిస్తున్నాను, అయ్యగారికి వాయిదా మాట ఇంకా చెప్పలేదు.

ఈ చర్చిలో ప్రతివారం ఆరాధన పత్రం అచ్చేసి గుమ్మంలో అందరికీ పంచుతారు. మా ఊళ్లో అలాంటిది లేదు, పాస్టరు గారు ఏది పాడమంటే అది పాడతాం. గుమ్మంలో ఒక పెద్దాయన విజయ్‌కి నవ్వుతూ ఒకటిచ్చారు. అందులో ఉంది, "చంటిపిల్లల బాప్తిస్మము: హన్నా. తల్లిదండ్రులు..." కింద మా ఇద్దరి పేర్లు.

గదిలోకి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఆ కాగితం ఉంది. బ్యాగు ఇంకా భుజానే ఉంది.

"ఏంటిది?"

నేను పాపని భుజాన వేసుకున్నాను.

"నిన్నే. ఏంటిది? నా పేరు కూడా వేశారు. నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"నేనే ఒప్పుకున్నారని చెప్పాను."

"నాన్న చర్చిలో డీకను. ఆయనకేం చెప్పాలి? సరే, నాన్న సంగతి వదిలెయ్. నాకొక మాట చెప్పొచ్చు కదా!"

"చెప్తే వద్దంటారు."

"అంటాను. అన్నాక మాట్లాడుకుంటాం. అంతేగానీ నేనొచ్చేలోపు కానిచ్చేయడమేంటి? ఇది నా కూతురు కూడా." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది.

అయ్యగారు తన గదిలో తెల్ల అంగీ గుండీలు పెట్టుకుంటున్నారు. ఇద్దరం వెళ్లాం. చెప్పాను. అబద్ధమాడానని, భయంతోనే అడిగానని. ఆయన పై గుండీ పెట్టుకున్నారు.

విజయ్, "మా పద్ధతి వేరండీ. మీకు అగౌరవం చేయాలని కాదు," అన్నారు.

"మీ పద్ధతిల తప్పేం లేదు బాబూ. నేను ఒక్క ఫోన్ చెయ్యాలె, చెయ్యలే. తండ్రిని అడగకుండ పేరు అచ్చేసిన. క్షమించు." అరవై ఏళ్ల మనిషి రెండు చేతులూ జోడించారు. విజయ్ కంగారుగా ఆ చేతులు పట్టుకున్నారు.

ఆరాధనలో వేరే దంపతుల బాబుకి బాప్తిస్మం ఇచ్చారు. ముందు తల్లిదండ్రుల్ని అడిగారు. తర్వాత సంఘాన్ని, ఈ బిడ్డను పెంచడంలో మీరు తోడుంటారా అని. మూడు వందలమంది లేచి, "దేవుని సహాయముతో ఉంటాము," అన్నారు. తర్వాత అయ్యగారు కాగితం పైకెత్తి, "ఇంకో పేరున్నది. అది నా తప్పు. తండ్రి ఒప్పుకోలు లేకుండ వేసిన. ఇయ్యాల ఆ బాప్తిస్మం లేదు," అన్నారు.

తప్పు నాదని లేచి చెప్పాల్సింది. ఆయన నా మాట తన నెత్తిన వేసుకుంటుంటే తల వంచుకుని కూర్చున్నాను. ఇది రాయడం ఇప్పటికీ కష్టంగా ఉంది.

అప్పుడు మగవాళ్ల వైపు నుంచి విజయ్ లేచారు. నా దగ్గరికి వచ్చి పాపని ఎత్తుకుని ముందుకు నడిచారు. వెనక్కి తిరిగి, "రా," అన్నారు. వెళ్లాను.

"అయ్యగారూ, మా దాంట్లో ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. దీనికి ఇంకా జరగలేదు. మీరు చేస్తారా?"

అయ్యగారు నీళ్ల గిన్నె మీద గుడ్డ కప్పి పక్కకి జరిపారు. పాపని తీసుకుని తమది కాని పద్ధతిలో, మా ఊరి పద్ధతిలో ప్రార్థన చేశారు. పాప ఆయన అంగీ మెడపట్టీ నోట్లో పెట్టుకుంది. తర్వాత సంఘం వైపు తిరిగి, "మంగళవారం పొద్దుగాల ఈ బిడ్డకు గుండె ఆపరేషన్. మీ ఇండ్లల్ల ఎవరెవరు ప్రార్థన చేస్తరో నిలబడుండ్రి," అన్నారు. బెంచీలు కదిలిన చప్పుడు చాలాసేపు వినబడింది.

ఆసుపత్రి, మంగళవారం

ఆపరేషన్ బాగా జరిగింది. ముందే చెప్పేస్తున్నాను. పాప ఛాతీ మీద ఇప్పుడు నిలువుగా ఒక గీత ఉంది, దాన్ని తనే వేలితో తడుముకుంటుంది. నేను చెప్పాలనుకున్నది మాత్రం అంతకుముందు ఆపరేషన్ గది తలుపు దగ్గర జరిగింది.

ఆరున్నరకే అయ్యగారు వచ్చారు. అంగీ లేదు, మామూలు చొక్కా. అంతకుముందే ఇంకో వార్డులో ఎవరినో చూసొచ్చారు. మా ముగ్గురికీ ఫ్లాస్కులో టీ తెచ్చారు. హాస్టల్లో స్వప్న పక్కన కూర్చున్నట్టే, మా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

నర్సు వచ్చి పాప గాజులు, మొలతాడు తీసి నా చేతిలో పెట్టింది. "అయిదు నిమిషాలల్ల తీస్కపోతం అమ్మా," అంది. పాపని ఎంత గట్టిగా పట్టుకున్నానో దాని గౌను ముడతలు పడింది. నేను పక్కన బెంచీ మీదున్న నీళ్ల సీసా వైపు చూశాను. అయ్యగారి వైపు చూశాను. ఒక్క నిమిషం పని.

విజయ్ నా చూపు చూశారు.

పక్కన కూర్చుని, మెల్లగా, "నీకు కావాలంటే చేయించు. నాన్నకి నేను చెప్పుకుంటాను," అన్నారు. కోపం లేదు. సీసా మూత తనే తిప్పి తీశారు.

అయ్యగారు లేచి నిలబడ్డారు. అవునని గానీ కాదని గానీ ఆయన ముఖంలో లేదు. ఇద్దరి వంకా చూస్తూ ఆగారు.

నాకు నారాయణగూడ మట్టి గుర్తొచ్చింది. పేరుతోటి పిలవాలె అన్న గొంతు గుర్తొచ్చింది. అప్పటికీ భయం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

"వద్దు," అన్నాను. "పెద్దయ్యాక దాన్నే అడుగుదాం."

అన్నాక నా మాట నాకే కొత్తగా వినబడింది. ఐదు నెలలుగా ఆ పిల్ల గురించి నేను మాట్లాడిన ఏ మాటలోనూ 'పెద్దయ్యాక' లేదు. గౌన్లు కూడా ఒక సైజు పెద్దవి కొనలేదు.

విజయ్ మూత పెట్టేశారు. తలుపు తెరుచుకుంది. నర్సు చేతులు చాపింది. నేను పాపని ఇచ్చాను.